పక్కింటి సాక్ష్యం

"మంజులత ఎలాంటి మనిషమ్మా? ఉద్యోగం ఉందా?" హైదరాబాదు నుంచి ఫైలుతో వచ్చిన కుర్రాడు పక్కింటి లాడ్లీ బేగంను అడిగాడు.

పెండ్లి సంబంధం వాళ్ల ఆరా అనుకుందామె. "బంగారం బేటా! దవాఖానల నర్సు. మీరు వద్దంటే రేపే నౌకరి ఇడుస్తది."

కుర్రాడి పెన్ను ఫైల్లోని మంజులత దరఖాస్తును కొట్టేయబోయింది.

రెండిళ్ల మధ్య గోడ అవతల నుంచి మంజులత తల పైకి లేచింది. "ఖాలా! ఆయన పెండ్లికి రాలే. నాకు క్రెడిట్ కార్డు ఇయ్యాల్నా వద్దా అని బ్యాంకు తరఫున అడుగుతుండు. నౌకరి లేకుంటే ఇయ్యరు!"

"గట్లనా? జర ముందుగాల చెప్పద్దా పిల్లా!" లాడ్లీ బేగం కుర్రాడివైపు తిరిగింది. "రాసుకో బేటా. జ్వరమొచ్చినా డ్యూటీకి పోతది. ఎవ్వలు చెప్పినా నౌకరి ఇడువదు."

"మరి ఇందాక?"

"గది పెండ్లోళ్లకు చెప్పే మాట. బ్యాంకుకు అబద్ధం చెప్తమా?"

కుర్రాడు నవ్వుతూ రాసుకున్నాడు. మంజులత నవ్వలేదు.

"ఖాలా, రేపు పెండ్లోళ్లొస్తే సుత గీ మాటే చెప్పు."