గీతకు ఇవతల పుట్టినవాడు

ఫోను వచ్చేసరికి ఆవిడ బట్టలు ఆరేస్తోంది. మీవాడు బడి బాత్రూములో వేప్ సిగరెట్టు పీలుస్తూ దొరికాడు, ఇంటి పెద్ద వచ్చి సంతకం పెట్టాలి అన్నారు. చేతులు తుడుచుకోకుండానే బయలుదేరింది. మొగుడుంటే ఆయన్నే పంపేది. ఆయన సిగరెట్లు తాగి తాగి ఎప్పుడో పోయాడు.

బడి మెట్లు ఎక్కుతుంటేనే కంపు ముక్కు బద్దలుకొట్టింది. కింద ఉచ్చ వాసన, దాని మీద ఫినాయిలు, ఆ పైన తియ్యటి స్ట్రాబెర్రీ. పాయిఖానాలో కూర్చుని మిఠాయి తిన్నట్టుంది.

గదిలో ఆరోగ్యశాఖ ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. ఉద్యోగమూ కొత్తే, యూనిఫారమూ కొత్తే. తనిఖీకి వచ్చిన పూటే బాత్రూము పైకప్పులో పొగ పసిగట్టే యంత్రం మోగిందట. వేట దొరికిన సంబరం ఆ పిల్ల మొహంలో దాగడం లేదు.

వాడు గోడవారగా నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి తల దించుకున్నాడు. అటెండరు ఆవిడకు కుర్చీ వేసి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి పోయి తలుపు మూశాడు.

బల్ల మీద, కాగితం ముక్కలో, ఆ వస్తువు ఉంది. పీల్చే మూతి దగ్గర ఉమ్మి ఎండి తెల్లగా అంటుకుంది. ఆవిడ చూపు తిప్పేసుకుంది.

చట్టం ఆవిడకు తెలియనిది కాదు. సర్కారు ఒక సంవత్సరం దగ్గర గీత గీసింది. గీతకు అవతల పుట్టినవాళ్ళు కార్డు చూపించి సర్కారు దుకాణంలో కొనుక్కోవచ్చు. ఇవతల పుట్టినవాళ్ళు కొనకూడదు, పీల్చకూడదు, జేబులో ఉంచుకోకూడదు. పిల్లల్ని కాపాడటానికే అన్నారు. గీసినవాళ్ళు గీసి వెళ్ళిపోయారు, గీత అక్కడే ఉండిపోయింది. ఎవరి ఊపిరితిత్తులు బాగుపడ్డాయో గాని, ఊళ్ళో బాత్రూములన్నీ కంపెక్కాయి. వీధిలో పీల్చేవాళ్ళంతా తలుపు గడియ పెట్టుకుని పీల్చడం నేర్చారు.

ఆఫీసరమ్మ వాడితో మాట్లాడటం లేదు. అంతా తల్లితోనే. ఇంట్లో గమనించుకోవాలి కదమ్మా అంది. దిండు కింద చూడాలి, జేబులు వెతకాలి, ఎవరితో తిరుగుతున్నాడో కనుక్కోవాలి అంది. జేబులు ఉతికేది నేనేనమ్మా అంది ఆవిడ.

“పీల్చింది మీవాడే. అది తేలిపోయింది. కొన్నదెవరో చెప్పాలి” అంది ఆఫీసరమ్మ. “ఈ ముద్ర చూడండి. దొంగ సరుకు కాదు. కార్డున్నవాళ్ళెవరో కొనిచ్చారు. అడిగితే స్నేహితుడు అంటాడు. పేరు గుర్తులేదట.”

“వీడికి స్నేహితులెక్కడ ఏడ్చారు” అంది తల్లి.

“పేరు తేలితే హెచ్చరికతో వదిలేస్తాం. తేలకపోతే రేపట్నుంచి ఈ బడి గడప తొక్కనివ్వరు.”

వాడు ఎక్కడో పల్లె బడి నుంచి మొదలుపెట్టి, రాత్రీ పగలూ పుస్తకాలతో కుస్తీ పట్టి, ఇంత పెద్ద బడికి వచ్చాడు. ఇంక నాలుగు నెలలు. మార్చి దాటితే తలెత్తుకుని బయటపడతాడు. ఇప్పుడు గెంటేస్తే ఇన్నేళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

వాడి వైపు చూసింది. చెయ్యి జేబు మీదే తారాడుతోంది. ఇంత జరిగాక కూడా ఖాళీ జేబు తడుముకుంటున్నాడు. అసహ్యం వేసింది. వాడి మీద వేసిందో తన మీద వేసిందో ఆవిడకే తెలియలేదు.

ప్రతి శనివారమూ సర్కారు దుకాణం ముందు వరుస ఉంటుంది. ఆ వరుసలో పీల్చేవాడు ఒక్కడూ ఉండడు. అందరూ తల్లులూ తండ్రులే. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఏ రుచి అని అడుగుతాడు కౌంటరులో మనిషి. ఆ తర్వాత, మీకేగా అంటాడు. అడగాలని రూలు. నాకే అంటుంది ఆవిడ. అన్న ప్రతిసారీ ఇంటికి పోయి నోరు పుక్కిలిస్తుంది.

“నేనే” అంది.

ఆఫీసరమ్మకు వెంటనే అర్థం కాలేదు.

“నేనే కొనిచ్చాను. వాళ్ళ నాన్న జేబులోంచి దొంగిలించి సిగరెట్లు మొదలెట్టాడు. ఇదైతే కొంత నయమని డాక్టరు అన్నాడు. తండ్రిని నలుగురి చేత మోయించాను. వీణ్ణి కూడా మోయించే ఓపిక నాకు లేదు.”

“చేతులారా విషం కొనిచ్చారా?”

“అమ్మేది మీ దుకాణమే కదమ్మా.”

ఆ పిల్ల కార్డు అడిగి తీసుకుంది. కత్తెరతో రెండు ముక్కలు చేసి బుట్టలో వేసింది. హెచ్చరిక కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకుంది. వస్తువును సంచిలో వేసుకుని, చేతులకు క్రిములు చంపే మందు రాసుకుని వెళ్ళిపోయింది.

తల్లీ కొడుకులు మిగిలారు. వాడు ఏదో అంటాడని చూసింది. తప్పయిపోయింది అంటాడేమో. నీ పరువు తీశాను అంటాడేమో.

“కార్డు పోయింది కదమ్మా. మరి శనివారం ఎలా?” అన్నాడు.

ఆవిడకు నోట్లో ఉమ్మి ఊరింది. ఎక్కడ ఉమ్మాలో తెలియక మింగేసింది.

“మూతి తుడుచుకో” అని లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

అటెండరు తలుపు తీసి, “ఇదే తప్పుకు దొరికిన తొమ్మిదో తరగతి కుర్రాడి తండ్రి వచ్చారు, లోపలికి పంపమంటారా హెడ్మాస్టరుగారూ” అని అడిగితే, మార్చిలో రిటైరవబోయే కొడుకు నెరిసిన మీసం తుడుచుకుని, “పంపు” అన్నాడు.