వెలుతురుకి అడ్డం

"లేవయ్యా బాబూ! నల్లబల్ల మీద అక్షరం కనపడట్లేదు పిల్లలకి!"

కిటికీ బయట కుర్చీలో కూర్చున్నవాడు లేవలేదు. తల తిప్పి నవ్వాడు.

"బాగుంది," అన్నాడు.

"ఏం బాగుంది? నా మొహమా?" అంది పంతులమ్మ.

"సరే," అన్నాడతను.

అతనికి ఆ ఊరి భాషలో మూడే మాటలు వచ్చు. బాగుంది, సరే, కూర్చో. ఎవరేం తిట్టినా ఆ మూడింట్లో ఒకటి తీసి ఇచ్చేవాడు.

శాంతిని కాపాడతామని ఎక్కడెక్కడి దేశాల నుంచో నాలుగు వందల మంది నీలిటోపీలు ఆ ఊళ్లో దిగారు. వాళ్లందరి వెడల్పూ ఇతనొక్కడికే వచ్చినట్టుంది. అతను కూర్చుంటే సూర్యుడు పాపం చుట్టూ తిరిగి పెరటి వైపు నుంచి రావాల్సి వచ్చేది. కుర్చీ కింద నేల రోజుకో అంగుళం దిగిపోతోందని పిల్లలు పందేలు కాసుకున్నారు. నెత్తిమీద టోపీ గుమ్మడికాయ మీద బోర్లించిన గిన్నెలా ఉండేది. అందుకే గుమ్మడి మామ అన్నారు.

బడిగంట కొట్టకముందే వచ్చేవాడు. వీపు గది వైపు, మొహం వీధి వైపు. చేతిలో పేపరు, అదీ తలకిందులుగా. చూస్తుండగానే కునుకు.

"తుపాకీ మొయ్యడానికి కూడా బద్ధకమేనమ్మా వీడికి," అంది బడి ఆయా. "పైగా ఒళ్లంతా ఉల్లిపాయల కంపు!"

పంతులమ్మకి ఆ నీలిరంగు చూస్తేనే ఒళ్లు మండేది. ఊరికే కాదు.

నెలన్నర కిందట వీధికి అవతల పాడుబడ్డ మేడ మీంచి ఎవడో తుపాకీ పేల్చాడు. గుండు ఈ కిటికీలోంచే వచ్చింది. మూడో తరగతి పిల్ల కుడిచెయ్యి పోయింది.

నీలిటోపీలు నాలుగు బళ్లలో వచ్చారు. గోడకి పడ్డ కన్నాన్ని టేపుతో కొలిచారు. ఫొటో తీశారు. వెళ్లబోయారు.

"వాణ్ణి పట్టుకోరా?" అని పెద్దాఫీసరుకి అడ్డం నిలబడింది పంతులమ్మ.

"మావాళ్ల మీద పేలిస్తేనే మేం తిరిగి పేల్చాలమ్మా. రూలు."

"మా పిల్లల మీద పేలిస్తే?"

"రాసుకుంటాం."

బడి మూడు వారాలు మూతపడింది. ఆ తర్వాత కొట్టుకుంటున్న రెండు పక్షాలూ కాల్పులు ఆపుతామని సంతకాలు పెట్టాయి. బడి తెరిచిన రోజు తొమ్మిది మందే వచ్చారు. ఆ రోజే ఈ గుమ్మడి మామ కూడా కుర్చీ మోసుకుంటూ ఊడిపడ్డాడు.

ఇరవై రోజులు ఒక్క గుండు పేలలేదు. నలభై మంది పిల్లలూ వచ్చేశారు.

"శాంతి వచ్చేసిందిగా, ఇంకెందుకమ్మా ఈ దిష్టిబొమ్మ?" అంది ఆయా.

పంతులమ్మ కొంగు బిగించి పెద్దాఫీసరు దగ్గరికి వెళ్లింది.

"మీవాడొకడు మా కిటికీకి అడ్డంగా కూర్చుని గుర్రు పెడుతున్నాడు. గది చీకటి. తీసెయ్యండి!"

పెద్దాఫీసరు ఉలిక్కిపడ్డాడు. "మావాడా? బడి దగ్గరా? అక్కడ మేం ఎవర్నీ పెట్టలేదే!"

"పెట్టలేదా? అయితే పని ఎగ్గొట్టొచ్చి నిద్రపోతున్నాడన్నమాట. ఇంకా మంచిది, రాసుకోండి!"

మర్నాడు పొద్దున్న బడి ముందు నుంచి ఒక లారీ పోయింది. వెనక సామాన్ల మధ్య గుమ్మడి మామ నిలబడి ఉన్నాడు. నెత్తిన టోపీ లేదు. పంతులమ్మని చూడగానే రెండు చేతులూ కిందికి అదుముతూ గొంతు చించుకున్నాడు.

"కూర్చో! కూర్చో!"

"నువ్వే కూర్చోవయ్యా, లారీలోంచి పడతావు!" అంది పంతులమ్మ. పిల్లలు విరగబడి నవ్వారు.

గదినిండా ఎండ వచ్చింది. పంతులమ్మ హాయిగా కొత్త పాఠం మొదలుపెట్టింది.

మూడో వాక్యం రాస్తుండగా గుండు వచ్చింది. ఆమె భుజంలోంచి దూసుకుపోయి నల్లబల్లని చీల్చింది. ఎవరూ చెప్పకుండానే నలభై మంది పిల్లలూ నేలకి కరుచుకుపోయారు.

నాలుగో రోజు, మెడకి వేలాడగట్టిన చేత్తో ఆమె పెద్దాఫీసరు గదిలోకి దూసుకెళ్లింది.

"ఇరవై రోజులు పేలని తుపాకీ ఆ రోజే ఎందుకు పేలింది? చెప్పండి!"

ఆయన తలెత్తలేదు.

"ఇరవై రోజులూ ఆ కిటికీకి మా టోపీ అడ్డం ఉందమ్మా. దానికి గుండు తగిలితే మేం తిరిగి పేల్చి తీరాలి. ఆ రూలు మేడమీదవాడికీ తెలుసు."

పంతులమ్మ బల్ల మీదికి వంగింది.

"తెలిసీ తీసేశారా?"

"బడికి కాపలా పెట్టాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. పైగా మీరే ఫిర్యాదు..."

"నేను మట్టిబుర్రని! మీకేమైంది? నాలుగు వందల తుపాకులు పెట్టుకుని గోడకి కన్నాలు కొలుస్తారా? మీ అందరిలో మగాడిలాంటి సిపాయి ఒక్కడుంటే, వాణ్ణి లారీ ఎక్కిస్తారా? పిలిపించండి వాణ్ణి!"

మంచి చెయ్యి బల్లమీద ఎంత గట్టిగా చరిచిందంటే, సిరాబుడ్డి ఎగిరి రూలు పుస్తకం మీద పడింది.

పక్క గదిలో ఎవరో మాడిన అన్నం కంచాన్ని నేలకేసి కొట్టి, మూడు రోజులుగా ఇదే తిండని అరుస్తున్నారు.

పెద్దాఫీసరు లేచి ఆ తలుపు మూశాడు.

"సిపాయి కాదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ టోపీ కూడా ఎవరినో అడిగి తెచ్చుకున్నదే. పొద్దున్నే మా నాలుగు వందల మందికీ వండి పెట్టేసి, కాసేపు నడుం వాల్చమని మేమిచ్చిన వేళలో వచ్చి మీ కిటికీ దగ్గర కూర్చున్నాడు, మా వంటవాడు."