మూతెడు బ్రాందీ

రేపల్లె ఆస్పత్రిలో బీపీ చూడబోతే, ఏడో నెల కడుపుతో ఉన్న రిబ్కా నోట్లోంచి గుప్పున బ్రాందీ కంపు కొట్టింది. నర్సునైన నేను బీపీ పట్టీ పక్కన పెట్టేశాను.

"ఛీ! బిడ్డను మోస్తూ తాగుతావా? సిగ్గు లేదూ?" అన్నాను.

ఆ పిల్ల బిక్కమొహం వేసి పక్కనున్న అత్తగారి వైపు చూసింది.

"దాన్ని తిట్టమాకండి సిస్టరుగారూ, పోసేది నేనే," అంది ఆవిడ, నేను మెచ్చుకుంటానన్నట్టు. "నెమ్ము చేరకూడదని రోజూ మూతెడు, వేడినీళ్లలో కలిపి. వద్దని మొండికేస్తే ముక్కు మూసి మరీ పోస్తా."

"ఎవరు చెప్పారండీ మీకు?"

"ఒకరు చెప్పేదేంటండీ? మొదటి కాన్పుకీ ఇట్టాగే పోశా." ఒళ్లో ఉన్న మనవరాలి తల మురిపెంగా నిమిరింది. "చూడండి, ఎంత నెమ్మదస్తురాలో! నాలుగేళ్లొచ్చాయా, ఇప్పటిదాకా నోరు విప్పితే ఒట్టు!"