నా రాత

మార్కెట్ కోలుకుందని పేపర్లు కోడై కూస్తున్నాయి. నేను మాత్రం నెల్లాళ్లుగా ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి, గోడ మీద బారెడు అక్షరాల్లో ఉన్న "ఖాళీలు లేవు" చదువుకుని తిరిగొస్తున్నాను.

"అంతా నా రాత," అన్నాను మా ఆవిడతో.

"లోపలికెళ్లి ఒక్కమాట అడగొచ్చుగా, మహానుభావా!" అని తలంటింది.

ఇవాళ అడిగాను. వాచ్‌మన్ నవ్వాడు.

"అది పాతది సార్. మూడుసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతోంది. లోపల బోలెడు ఖాళీలు. మీరేం పని చేస్తారు?"

"గోడల మీద అక్షరాలు రాస్తాను."

"భలే! ముందు దీన్ని గోకెయ్యండి. ఎవడిదో గానీ, దిక్కుమాలిన రాత!"

"ఆ దిక్కుమాలిన రాత నాదే," అన్నాను. రెండేళ్ల కిందట, పదేళ్ల గ్యారంటీ ఇచ్చి మరీ రాశాను.

"అలా దిగులుపడకండి సార్," అన్నాడు, "పని దొరికిందిగా!"