కర్రిగాడు మొరగని రోజు

ఒకానొక దొడ్డిలో గడ్డివామి మొత్తం ఆంబోతుది. గడ్డి మోసిన ఎడ్లకు మిగిలేది మోకాళ్ల నొప్పులు. అవి ఎప్పుడు తిరగబడినా కాపలా కుక్క కర్రిగాడు వెంటపడి పిక్కలు పీకేవాడు. ఈసారి మాత్రం ఎడ్లే గెలిచాయి. ఆంబోతు కంచె దూకి పారిపోయింది.

ఎలా గెలిచామో తేల్చడానికి వామి ముందు సభ జరిగింది.

"నా కూతకే కదా అందరూ మేలుకున్నది!" అంది పుంజు.

"నా నినాదాలు లేకపోతే ఎడ్లకు నోరెక్కడిది?" అంది చిలక.

"కాలం మారింది, గెలవక తప్పదు," అంది గుడ్లగూబ, కళ్లు తెరవకుండానే.

ఓ ముసలి ఎద్దు చివర్న కూర్చున్న కర్రిగాడి వైపు తిరిగింది. "ఏరా, ఆ రోజు నువ్వు మొరగలేదేం?"

"పక్క దొడ్డితో పోట్లాట పెట్టుకున్నాక, ఖర్చు పెరిగిందని ఆంబోతుగారు నాకు గంజి పోయించడం మానేశారు," అన్నాడు కర్రిగాడు. "మొరగడానికి ఓపిక చాల్లేదు."

ఆ మాట ఎవరికీ నచ్చలేదు. పుంజు గొంతు సవరించుకుంది.

"ఇకనుంచి వామి మనందరిదీ. కాపలా నీదే. ఒక్క పరక పోయినా ఊరుకోం."

కర్రిగాడు అలాగేనని తోక ఊపి, తన చిప్ప దగ్గరికెళ్లి చూసుకున్నాడు. అది ఇంకా బోర్లించే ఉంది.