వేగు లేని ఆట

"వేగు యాడికి పోయినాడప్పా?" అని అడిగాడు కదిరప్ప.

ప్రణీత్ చేతిలో పాచికలు అప్పటికే చెమటకు తడిసిపోయాయి. బెంగళూరు నుంచి ఆటవస్తువుల కొట్టు రామదాసు ఏ నిమిషానైనా దిగొచ్చు. సరిగ్గా ఇప్పుడే అడగాలా ఈ మాట!

"ఈసారి వేగు లేడన్నా. తీసేసినా," అన్నాడు.

ప్రణీత్ సొంతంగా అల్లుకున్న ఆట అది. తాడిపత్రిలో ఓబిలేష్ వాళ్ళ బండల పాలిష్ ఫ్యాక్టరీ వెనక గదిలో, నల్లబండ వేసిన బల్ల చుట్టూ ఆదివారాలు ఆడతారు. ప్రణీత్ కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం కట్టి, పాచికలు వేస్తూ పాడుబడ్డ కొండకోటలోకి చొరబడతారు. ఇంద్రాణిది కత్తి పట్టే వేషం. ఓబిలేష్‌ది విల్లు.

కదిరప్పకు మాత్రం వేగు తప్ప ఇంకో వేషం గిట్టదు. ఎవరి దగ్గర విన్నాడో, ఆట గురించి విని గుత్తి నుంచి రైల్లో వచ్చి చేరాడు. అంతకుమించి అతని సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు.

వేగు పని ఒకటే. అందరికంటే ముందు కోటలోకి పోవాలి. అక్కడ ఏముందో ప్రణీత్ అతని చెవిలో చెబుతాడు. అతను తిరిగొచ్చి, చూసినట్టుగా మిగతావాళ్ళకు చెప్పాలి.

కానీ ఈసారి ప్రణీత్ కోటంతా రంగుల బొమ్మలు వేయించి అట్టముక్కల మీద అచ్చు కొట్టించాడు. బొమ్మ కళ్ళెదురుగా ఉంటే నోటితో చెప్పేదేముంది? ఒక ఆదివారం ఆటను ఇంద్రాణి ఫోనులో రికార్డు చేసి పంపితే, అది విని రామదాసు వస్తానన్నప్పటి నుంచి ప్రణీత్‌కు నిద్ర లేదు. ఆట ఆయనకు నచ్చకపోతే సోమవారం నుంచి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోవాల్సిందేనని నాయన ఖరాఖండిగా చెప్పేశాడు.

"ఈ ఒక్క ఆటకు ఉంచరాదా?" అన్నాడు కదిరప్ప మెల్లగా.

"ఈ పొద్దుకు సిపాయి వేషం తీసుకోన్నా. నా బతుకు దీని మీదుండాది."

కదిరప్ప అట్టముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

రామదాసు వచ్చాడు. ఆట మొదలైంది, కానీ ఊపందుకోలేదు. ఎవరి అట్టముక్క వాళ్ళు చూసుకుంటున్నారు, పాచికలు వేస్తున్నారు, అంతే. రామదాసు మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నాడు.

కదిరప్ప పాచికలు వేసి, అలవాటుగా, "ఎంత పడిందప్పా?" అన్నాడు. ఈయనకు పాచికలు కూడా ఒకరు చదివి పెట్టాలని ఇంద్రాణి ఎప్పటిలాగే ఎగతాళి చేసింది. ఆరు అని చెప్పింది.

"అయితే ఆరడుగులు ముందుకు."

ముందున్నది గట్టు లేని బావి. బొమ్మలో అరచేయంత వేశారు. సిపాయి వెళ్ళి అందులో పడ్డాడు. ఆటలో అతనితో ఒకే తాడుకు కట్టుకున్న ఇంద్రాణీ, ఓబిలేషూ వెనకే పడ్డారు. ఆట అయిపోయింది.

"బొమ్మ చేతిలోనే ఉండాది కదన్నా. బావి కనపడల్యా?" అన్నాడు ఓబిలేష్.

"చూసుకోలేదప్పా," అని కదిరప్ప నవ్వబోయాడు. కాసేపటికి లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. ఎప్పుడూ ఓబిలేషే బండి మీద స్టేషన్లో దింపేవాడు. ఈ రోజు కోపం మీద కదల్లేదు. బయట ఆటో ఎక్కిన చప్పుడు వినిపించింది.

రామదాసు అట్టముక్కలు పేర్చి పక్కన పెట్టాడు.

"బొమ్మలు బాగుండాయి. కానీ నేను విన్న ఆట ఇది కాదే. ముందు పోయి కోట చూసొచ్చి చెప్పినాడే, ఆయన రాలేదా? ఆయన చెప్తాంటే నాకు కోట కండ్లకు కట్టినట్టుండె. దానికోసరమే వచ్చినా."

ప్రణీత్ ఇప్పుడే పిలుచుకొస్తానని చెప్పి, ఓబిలేష్ బండి తీసుకుని స్టేషన్‌కు పరుగు తీశాడు. దారంతా ఏమని బతిమాలుకోవాలో తెలియలేదు.

ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. టీ అమ్మే హనుమక్క గ్లాసులు కడుగుతోంది.

"గుత్తి బండి పాయె నాయనా."

"కదిరప్పన్న ఎక్కినాడా?"

"ఎక్కినాడు. నేనే చెయ్యి పట్టుకొని ఎక్కిస్తి. వారం వారం నేనే కదా."

ఎందుకని అడిగాడు ప్రణీత్.

హనుమక్క అతన్ని వింతగా చూసింది.

"తాడిపత్రికొస్తేనే కోట చూస్తానక్కా అంటాడు ఎప్పుడూ. నీడలు తప్ప ఏమీ కనపడని మనిషికి కోటేందని నేనెన్నడూ అడగలా."