రెండు సీట్ల కారు

షారోనుకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఏడాది నిండిన పాప తన కళ్ళెదుట లేనప్పుడు దానికేమన్నా అయిపోతుందని.

గుడివాడలో పాత కార్లమ్మే షెడ్డు ముందు, ఆమె మొగుడు మార్కు ఓ ఎర్ర కారు తలుపు తీసి మురిసిపోతున్నాడు. "ఆదివారం షికారుకి దీన్ని మించింది లేదు. తోసేది వెనక చక్రాలు, గేర్లు మనమే మార్చుకోవాలి!"

"మా నాన్న ట్రాక్టరూ అంతేనండీ. దానికింత సోకు లేదంతే," అంది షారోను, చంకలో పాపని సర్దుకుంటూ. "సీట్లు రెండేనా? పాపని డిక్కీలో పడుకోబెడతారా?"

మార్కు బుర్ర గోక్కుంటూ, పక్కనే కుర్చీలో కూర్చున్న తల్లి వంక చూశాడు.

"రెండు సీట్లదే చూడమంది నేనేనమ్మా," అంది అన్నమ్మ. "నాలుగుంటే పాపనీ ఎక్కించుకుపోతావు. పుట్టిన దగ్గర్నుంచీ నా మనవరాల్ని ఒక్క పూటన్నా నాకొదిలావా? నలుగుర్ని పెంచాను, ఒక్కళ్ళనీ పారేసుకోలేదు."

నవ్వుతూనే అంది గానీ, ఆవిడ చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ చేతులు ఎంత ఖాళీగా ఉన్నాయో షారోనుకి అప్పుడు తట్టింది.

పాపని అందించింది. "అత్తయ్యా, ఎండలో తిప్పకండి. నీళ్ళ సీసా సంచిలో ఉంది. రోడ్డు వైపు..."

"ఎక్కవే తల్లీ! తోలి చూడమని తాళాలిచ్చినాయన సాయంత్రందాకా ఆగుతాడా?"

కారు మచిలీపట్నం రోడ్డెక్కింది.

మీరెవరైనా అటుగా వెళ్తుంటే, షెడ్డు ముందు కుర్చీలో అన్నమ్మ గారుంటారు. పాప ఏడుస్తోందేమో ఒక్కసారి చూడండి. షారోను అడిగిందని మాత్రం చెప్పకండి.